పదిహేడో పెట్టె

ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చిన్నదే. ఏడున్నరకి ఫొటో స్టూడియో, ఎనిమిది నుంచి పదింటి దాకా గ్రంథాలయంలో నరాల పాఠం చివరిసారి తిరగేయడం, పదిన్నరకి ఇల్లు, పన్నెండింటికి అత్తగారిని వెంటబెట్టుకుని బయల్దేరడం, ఒంటిగంటకి పరీక్ష.

నౌకాదళ అధికారిని పెళ్ళాడి పన్నెండేళ్ళయింది. ఆ పన్నెండేళ్ళలో నాలుగు దేశాలు, తొమ్మిది ఇళ్ళు. ఏ దేశం వెళ్ళినా అక్కడ ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే ఆ దేశపు లైసెన్సు పరీక్ష రాయాలి. ఒక దేశంలో పుస్తకాలు కొన్న వారానికి భర్తకు బదిలీ అయింది. ఇంకో దేశంలో హాల్ టికెట్ వచ్చిన మర్నాడే అయింది. ఈ దేశంలోనూ బదిలీ వచ్చి పడింది కానీ, ఓడెక్కడానికి ఇంకా రెండు రోజుల గడువుంది. పరీక్ష మాత్రం ఈరోజే. ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. పాసైతే వచ్చే నెల నుంచి పనిలో చేరమని ఊళ్ళోని ఆసుపత్రి ఒకటి ఆమెకు ఉత్తరం కూడా రాసింది. ఆ ఉత్తరం సంగతి ఆమె భర్తకు ఇంకా చెప్పలేదు.

పరీక్ష సంగతి మాత్రం ఆయనకు తెలుసు. "రాయి, రాయి. సరదాగా ఉంటుంది," అన్నాడు, నెల క్రితం, బూట్లు తుడుచుకుంటూ. ఆ 'సరదా' ఆమె గొంతులో చేపముల్లులా దిగిపోయి అక్కడే ఉండిపోయింది. పరీక్ష రాయాలి, పాసవ్వాలి, ఈసారి ఓడెక్కకూడదు. మిగతా ఏర్పాట్లన్నీ తర్వాత.

సామాను కట్టేవాళ్ళు వచ్చేది మర్నాడు. అయినా ముందు రోజే ఆమె తన పద్ధతి ప్రకారం జాగ్రత్త పడింది. నౌకాదళం తరఫున వచ్చే ప్యాకర్లు ఎవర్నీ ఏమీ అడగరు. కంటికి కనిపించిందల్లా కట్టేస్తారు. ఒక ఊళ్ళో చెత్తబుట్టని చెత్తతో సహా అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టి, సముద్రం దాటించి, మూడు నెలల తర్వాత ఆమెకే భద్రంగా అప్పగించి రసీదు మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పట్నుంచి అధికారుల భార్యలందరూ పాటించే నియమాన్నే ఆమె కూడా పాటిస్తోంది. కట్టకూడని వస్తువులన్నీ స్నానాల గదిలో పెట్టి తలుపు మూసేయాలి. ప్యాకర్లు ఇంట్లో ఎక్కడైనా దూరతారు కానీ మూసిన స్నానాల గది జోలికి పోరు. పాస్‌పోర్టు, హాల్ టికెట్, డిగ్రీ కాగితాలు, ఆసుపత్రి ఉత్తరం... అన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టి, ఫైలును తొట్టిలో పడుకోబెట్టింది.

ఈ నియమం అత్తగారికి తెలియదు.

పదిన్నరకి తిరిగొచ్చేసరికి ఇంటి ముందు లారీ నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. హాల్లో సోఫా లేదు, బల్ల లేదు, గోడ మీద గడియారం లేదు. అత్తగారు ఒక్కరే, ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ స్టూలు మీద ఎడమకాలు చాపుకుని కూర్చుని ఉంది.

"వచ్చావా అమ్మాయ్! చూడు, ఎంత చకచకా కట్టేశారో. పది మంది వచ్చారు. పెళ్ళివారి విడిదిలా ఉంది ఇల్లంతా."

"రేపు కదా అత్తయ్యా రావాల్సింది?"

"అబ్బాయి పొద్దున్నే ఫోన్ చేశాడు. దానికి పరీక్ష హడావిడి ఉంది కదా, నేనే ఈరోజుకి మార్పించాను, దాన్ని ఏమీ శ్రమ పెట్టొద్దు అన్నాడు. వాడికి నువ్వంటే ఎంత..."

"స్నానాల గదిలో నీలం ఫైలు?"

"అదా! కాగితాలు తీసుకెళ్ళి తొట్టిలో పెడతారా ఎవరైనా? నేను స్నానం చేస్తే తడిసిపోవూ? తీసి హాల్లో బల్ల మీద పెట్టాను." అత్తగారు హాలు వైపు చెయ్యి చూపించింది. అక్కడ బల్లే లేదు. చూపించిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అయ్యో రామ!"

ఆమె మెట్లన్నీ రెండేసి చొప్పున దిగి లారీ దగ్గరికి పరిగెత్తింది. ప్యాకర్ల మేస్త్రీ నడుం మీద చెయ్యేసుకుని, కాస్త వంగి, చేతిలో జాబితా చూసుకుంటున్నాడు. నలభై ఒక్క పెట్టెలు. అన్నిటికీ ఎర్ర సీలు.

"నీలం ఫైలు ఎందులో ఉంది?"

మేస్త్రీ వేలు జాబితా మీద దిగుతూ ఒకచోట ఆగింది. "కాగితాలు, ఇతరములు. పదిహేడో పెట్టె."

"అది తెరవండి."

"తెరవకూడదమ్మా. సీలు పడింది. సీలు తీయాలంటే అధికారి సంతకం కావాలి."

"నేను ఆయన భార్యని."

మేస్త్రీ పాపం మంచివాడు. మొహమాటంగా జాబితా తిప్పి చూపించాడు. అధికారి అన్న చోట ఆయన పేరుంది. కింద చిన్న అక్షరాల్లో ఆధారితులు అన్న చోట ఆమె పేరు, అత్తగారి పేరు ఉన్నాయి. "ఆధారితులు సంతకం పెడితే చెల్లదమ్మా. నా ఉద్యోగం పోతుంది."

ఆమె నౌకాదళ కార్యాలయానికి ఫోన్ చేసింది. గుమాస్తా చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అధికారి సంతకం కావాలండీ."

"అధికారి సముద్రం మీదున్నారు. చివరి విన్యాసాలకి వెళ్ళారు. రెండింటిదాకా ఫోన్ అందదు."

"అయితే రెండింటికి చేయించండి."

"పరీక్ష ఒంటిగంటకి."

"వాళ్ళనే అడిగి చూడండి మేడమ్, కాస్త వెనక్కి జరుపుతారేమో."

ఆమె ఫోన్ పెట్టేసింది. సమయం పదకొండు దాటింది. ఇంకొకరైతే మెట్ల మీద కూర్చుని ఏడ్చేవారు. ఆమె మెట్ల మీద కూర్చున్న మాట నిజమే కానీ, ఏడవడానికి కాదు. మేస్త్రీ చేతిలోంచి ఆ నాలుగు పేజీల ఫారం లాక్కుని చదవడానికి. తొమ్మిది ఇళ్ళు మారి, తొమ్మిదిసార్లు ఆ ఫారం నింపింది ఆమే. సంతకం మాత్రం ప్రతిసారీ ఆయనది. వెనక పేజీలోని షరతులు ఎవరూ చదవరు. చీమల బారులా ఉంటాయి.

తొమ్మిదో షరతు దగ్గర ఆమె వేలు ఆగింది. మళ్ళీ చదివింది. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడింది.

"మేస్త్రీ గారూ, సీలు తీయాలంటే అధికారి సంతకం కావాలి. అంతేనా?"

"అంతేనమ్మా."

"చేరవేసే చిరునామా మార్చాలంటే?"

మేస్త్రీ షరతు చదివాడు. 'ఇంటి వద్ద హాజరుగా ఉన్న కుటుంబ సభ్యులెవరైనా' అని ఉంది. అతనికి విషయం అంతుబట్టలేదు.

"పన్నెండో షరతు కూడా చూడండి. చేరవేసిన చోట పెట్టెలన్నీ మీరే తెరిచి, సామాను సర్ది, ఖాళీ అట్టలు పట్టుకుపోవాలి. అక్కడ హాజరుగా ఉన్నవారెవరైనా రసీదు ఇవ్వొచ్చు. అవునా?"

"అవునమ్మా, మామూలే కదా. కొత్త ఇంట్లో అలాగే చేస్తాం."

"అయితే చిరునామా మారుస్తున్నాను. రాసుకోండి. లైసెన్సు మండలి, పరీక్షా భవనం, గడియారం స్తంభం పక్క వీధి."

మేస్త్రీ తన ఆఫీసుకి ఫోన్ చేశాడు. అటువైపు ఎవరో చాలాసేపు కాగితాలు తిరగేశారు. చివరికి వచ్చిన సమాధానం మేస్త్రీ మొహంలోనే కనిపించింది.

"షరతు ఉందట. ఇంతవరకూ ఎవరూ వాడుకోలేదట, అంతే."

"అత్తయ్యా!" ఆమె పైకి కేకేసింది. "మోకాలు తీసుకుని దిగండి!"

అత్తగారు లేకుండా కుదరదు. రెండో పూట ప్రాక్టికల్ పరీక్ష, ఎవరి రోగిని వాళ్ళే తెచ్చుకోవాలి. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అత్తగారి ఎడమ మోకాలు, అందుకే పుట్టినట్టు, సరిగ్గా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే నొప్పెడుతోంది. ఇద్దరినీ లారీ ముందు సీట్లో మేస్త్రీకి అటూ ఇటూ ఇరికించారు. దారిలో ఒక గుంత దగ్గర మేస్త్రీ "అమ్మా!" అని మూలిగాడు.

"ఎన్నాళ్ళుగా ఉంది ఆ నడుం నొప్పి?"

"మూడేళ్ళు. పియానోలమ్మా. పియానో ఉన్న వాళ్ళకి జాలి ఉండదు."

"ఎడమకాల్లోకి లాగుతోందా?"

"మీకెలా తెలుసు?"

"అది తెలిసినట్టు కాగితం మీద రాయడానికే మీ పదిహేడో పెట్టె కోసం ఇంత గొడవ," అంది ఆమె.

పన్నెండుంపావుకి లారీ పరీక్షా భవనం గేటుకి అడ్డంగా ఆగింది. వెనక అభ్యర్థులు, వాళ్ళ రోగులు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు బారులు తీరి నిలిచిపోయాయి. హారన్లు మోగాయి. రిజిస్ట్రారు చేతిలో గంట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, అప్పుడే చెక్కిన పెన్సిల్‌లా ఉన్నాడు.

"ఏంటిది? తీయండి, తీయండి!"

"సామాను దించగానే తీసేస్తాం సార్," అన్నాడు మేస్త్రీ.

"ఏం సామాను? మేం ఏమీ అడగలేదు!"

"నలభై ఒక్క పెట్టెలు సార్. ఇదే చిరునామా. రసీదు మీద ముద్ర వేస్తే పని మొదలుపెడతాం. ముద్ర పడందే దించకూడదు, దించందే కదలకూడదు. రూలు."

రిజిస్ట్రారు బారులు తీరిన అభ్యర్థుల వంక చూశాడు, వాచీ వంక చూశాడు. కిందటేడు ముప్పావుగంట ఆలస్యమైనందుకు పడ్డ చివాట్లు గుర్తొచ్చి, చొక్కా జేబులోంచి ముద్ర తీసి, చదవకుండా టపీమని కొట్టాడు. ఆ తొందరలో ఆయన ఒక సంసారం మొత్తానికి బాధ్యత తీసుకున్నాడని అప్పటికి ఆయనకు తెలియదు.

పదిహేడో పెట్టె లారీలో అన్నిటికంటే ముందు ఎక్కింది కాబట్టి అన్నిటికంటే లోపల ఉంది. దాన్ని అందుకోవాలంటే మిగతా నలభై దించాలి. సోఫా దిగింది, ఫ్రిజ్ దిగింది, రెండు మంచాలు, ఆరు కుర్చీలు, ఇస్త్రీ బల్ల దిగాయి. అభ్యర్థులు నరాల పేర్లు వల్లెవేసుకోవడం ఆపేసి చూస్తున్నారు. పన్నెండూ నలభైకి పదిహేడో పెట్టె నేల మీదికొచ్చింది. మేస్త్రీ కత్తెరతో టేపు కోశాడు. పైన భర్త టైలు. కింద భర్త పుస్తకాలు. వాటి కింద భర్తగారి టోపీలు. ఫైలు లేదు.

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "ఇందులోనే అన్నారుగా?"

మేస్త్రీ తన మనుషుల్లో ఒకణ్ణి పిలిచాడు. అతను చెవి గోక్కున్నాడు. "ఫైలు అట్ట గట్టిగా ఉందండీ. కాగితాలు మెత్తగా ఉన్నాయి. కత్తికి చుట్టాను."

"ఏ కత్తికి?"

పెట్టె అడుగున నౌకాదళ కవాతుల్లో ఆమె భర్త నడుముకి వేలాడే పొడవాటి కత్తి ఉంది. ప్యాకర్ల లెక్కలో దెబ్బ తగలకూడని వస్తువంటే అదే. పిడికి డిగ్రీ కాగితాలు, ఒరకి హాల్ టికెట్, కొసకి పాస్‌పోర్టు, మధ్య సందులో ఆసుపత్రి ఉత్తరం, అన్నిటి మీదా నాలుగు చుట్లు గోధుమరంగు టేపు. చాలా శ్రద్ధగా చేసిన పని.

గంట మోగింది. తలుపులు మూసేవేళ అయింది. టేపు విప్పుతూ కూర్చునే వ్యవధి లేదు. ఆమె కత్తిని అలాగే చంకన పెట్టుకుని గేటు వైపు పరిగెత్తింది.

బారులో ముందున్న ఇద్దరు అభ్యర్థులు, ఒక చక్రాల కుర్చీ రోగి ఆమెకి దారి ఇచ్చారు. ఆ రోగి లేచి మరీ ఇచ్చాడు. గేటు దగ్గర గార్డు రెండు చేతులూ అడ్డంపెట్టాడు.

"మేడమ్! ఆయుధాలు లోపలికి తీసుకెళ్ళకూడదు!"

"ఇది ఆయుధం కాదు. నా హాల్ టికెట్."

"హాల్ టికెట్ ఇలా ఉండదు మేడమ్."

"నాదిలాగే ఉంటుంది!" ఆమె కత్తిని గార్డు మొహం ముందుకి తెచ్చింది. ఒర మీద, టేపు సందుల్లోంచి, ఆమె ఫొటో సగం కనిపిస్తోంది. ఒక కన్ను, సగం మూతి. "నంబరు చూడండి. రెండు వందల పన్నెండు. చూశారా? పన్నెండేళ్ళుగా ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి గేటు దగ్గరే నన్ను ఆపారు. నేను బంధువునని, ఆధారపడ్డదాన్నని, ఇంకా సామాను రాలేదని. ఈరోజు సామానుతో సహా వచ్చాను. జరగండి."

రిజిస్ట్రారు వచ్చి కళ్ళద్దాలు పైకి తోసి ఒరలోని కత్తిని ఒకసారి, ఆమెని ఒకసారి పరిశీలించాడు. నంబరు ఉంది. ఫొటో ఉంది. అభ్యర్థి హాల్ టికెట్‌ను దేనికీ చుట్టకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. అలాంటిది రాయాలని ఎవరికీ తోచలేదు. ఆయన నిట్టూర్చి, టేపు మీదే టిక్కు పెట్టి, కత్తిని తన బల్ల కింద దాచి, ఆమెను లోపలికి పంపాడు. పన్నెండూ యాభై తొమ్మిది.

రెండు గంటలపాటు ఆమె రాసింది. నడుం నుంచి ఎడమకాల్లోకి లాగే నొప్పి గురించి పది మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. మేస్త్రీని తల్చుకుని అదనపు కాగితం అడిగింది.

మూడింటికి బయటికొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

పన్నెండో షరతును మేస్త్రీ మనుషులు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. పరీక్షా భవనం ముందు హాలు ఆమె ఇల్లైపోయింది. కిటికీ వైపు సోఫా, దాని ముందు బల్ల, గోడ మీద గడియారం, నోటీసు బోర్డుకి ఆమె పూల తెరలు. ఒక మూల మంచం, దాని మీద దుప్పటి కూడా పరిచి ఉంది. సోఫాలో ముగ్గురు రోగులు, ఆరు కుర్చీల్లో ఆరుగురు అభ్యర్థులు. మధ్యలో అత్తగారు నిలబడి పనులు పురమాయిస్తోంది.

"ఆ దీపం అక్కడొద్దు నాయనా, కంట్లో పడుతుంది. ఇటు జరుపు. ఆఁ, ఇప్పుడు కళగా ఉంది."

రిజిస్ట్రారు కోపంతో ఊగిపోతుంటాడని ఆమె అనుకుంది. ఆయన భర్తగారి వాలుకుర్చీలో వెనక్కి వాలి, చేతిలో టీ కప్పుతో, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"మీ అత్తగారు చెప్పారు, నేను కూర్చునే పద్ధతి తప్పని," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇరవై రెండేళ్ళుగా నేనీ హాల్లో చెక్కబెంచీ మీద కూర్చుంటున్నానమ్మా. సాయంత్రం ఐదింటిదాకా ఉండనీండి. తర్వాత మాత్రం తీసేయాలి."

"ఐదింటికి మేమే మీ పాత ఇంట్లో దించేస్తాంలెండమ్మా," అన్నాడు మేస్త్రీ. "లారీ ఎలాగూ ఆ వీధిలోంచే పోతుంది. మీరు మాత్రం నా నడుం సంగతి చూడాలి."

సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది. తెల్లటి యూనిఫారంలో, భుజాల మీద బంగారు చారలతో, ఆమె భర్త లోపలికొచ్చాడు. రేవులో తన సామాను రాలేదని తెలిసి, ఫోన్ మీద ఫోన్ చేసి, చిరునామా పట్టుకుని వచ్చాడు. వచ్చి, తన ఇంటి హాలు మధ్యలో నిలబడి, తన సోఫాలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనుషుల్ని చూశాడు.

"ఏంటిదంతా? మన సామాను ఇక్కడెందుకుంది?"

"సర్దేశారు కదండీ, చూస్తున్నారుగా. తెరలు కూడా కట్టేశారు."

"ఎల్లుండి ఓడ! ఇవన్నీ ఇప్పుడే మళ్ళీ కట్టించాలి." ఆయన అక్కడికక్కడే కార్యాలయానికి ఫోన్ చేశాడు. గుమాస్తా గొంతు హాలంతా వినిపించింది.

"మీ సామాను అందినట్టు ముద్రతో రసీదు వచ్చింది సార్. ఒక బదిలీకి ఒక చేరవేతే. మళ్ళీ కావాలంటే వచ్చే బదిలీకి చూద్దాం."

"నేను చేరేది వేరే దేశంలో!"

"మీరు చేరొచ్చు సార్. సామాను మాత్రం చేరిపోయింది. కుటుంబం సామానుతో ఉండొచ్చు, ఆ సౌకర్యం ఉంది. ఇల్లు కూడా ఏడాది వరకూ మీ పేరునే ఉంటుంది."

ఆయన ఫోన్ దించాడు. "ఇది నువ్వు కావాలని చేశావా?"

"పొద్దున పదకొండింటికి చేసినప్పుడు హాల్ టికెట్ కోసమే చేశాను," అంది ఆమె. "ఇప్పుడు మాత్రం కావాలనే ఉంచుతున్నాను. ఆసుపత్రిలో ఉద్యోగం ఉంది. మీతో వచ్చి పదో ఇంట్లో పెట్టెలు విప్పను. మీరు వెళ్ళండి. సెలవు దొరికినప్పుడు రండి. సోఫా ఇక్కడే ఉంటుంది."

"అమ్మా, నువ్వైనా చెప్పు!"

"ఏం చెప్పనురా?" అంది అత్తగారు. "ఫైలు తీసి బల్ల మీద పెట్టిన పాపం నాది. దాని పరీక్ష పోయుంటే నాకు ఈ జన్మకి అన్నం సహించేది కాదు. నీకు ఓడలో వండిపెట్టేవాళ్ళు పాతిక మంది ఉన్నారు, ఏం ఫర్వాలేదు."

ఆయన గొంతు తగ్గించాడు. "సరదాకి రాస్తున్నావనుకున్నాను."

"తెలుసు," అంది ఆమె. "అందుకే బాగా రాశాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. గంట మోగింది. రెండో పూట పరీక్ష. రిజిస్ట్రారు వాలుకుర్చీలోంచి ఇష్టం లేకుండా లేచి తలుపు తీశాడు. ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుంది. అత్తగారు, పరీక్షకుల కోసం, కుంటడం కాస్త ఎక్కువ చేసింది. ఇద్దరూ లోపలికి నడిచారు. వాళ్ళ వెనకే ఆయన కూడా కదిలాడు. గేటు దగ్గరి గార్డు అడ్డం వచ్చాడు.

"మీరు?"

"లెఫ్టినెంట్ కమాండర్..."

"అది కాదు సార్. అభ్యర్థా, రోగా?"

"రెండు వందల పన్నెండు భర్తని. ఆవిడ మా అమ్మ. ఆవిణ్ణి పంపారుగా?"

"ఆవిడ రోగి సార్. అభ్యర్థుల బంధువులు బయట వేచి ఉండాలి."

ఆయన టోపీ సరిచేసుకుని బయటికెళ్ళి ఎండలో నిలబడ్డాడు. హాల్లో పట్టక అక్కడే ఉండిపోయిన ఫ్రిజ్ ఆయనకి కాస్త నీడ ఇచ్చింది.